పర్ర కింది నల్ల బురద: తీరపు మడుగుల్లో కార్బన్ వందల ఏళ్లు ఎలా నిలుస్తుంది

రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్తే ఊళ్లకూ మడ అడవికీ మధ్య పర్ర భూములు, అంటే పోటునీరు తగిలే ఉప్పు పట్టిన బోడి నేలలు, వస్తాయి. పాటు వేళ నీరు తీసిన పర్రలో కాలు పెడితే పైన గోధుమరంగు తొక్కలాంటి పొర కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది. దాని కింద అంతా నలుపే. పాదం పైకి లాగగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. దాన్ని మురుగు వాసన అనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి ఆ బురదలోకి ఆక్సిజన్ చొరబడటం లేదనీ, అందులో పడిన ఆకూ అలమూ పూర్తిగా కుళ్లి గాలిలో కలిసిపోకుండా ఆగిందనీ చెప్పే మొదటి గుర్తు అదే.

కార్బన్ నిల్వ అనగానే మొక్కలు నాటడం గుర్తుకొస్తుంది. మెట్ట అడవిలో ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. తీరంలో మాత్రం నిల్వలో పెద్ద వాటా నేల కిందే ఉంటుంది. పైనున్న మడ చెట్టును కొట్టేస్తే పోయేది కొన్ని దశాబ్దాల పెరుగుదల. కింది బురదను తవ్వితే పోయేది కొన్ని వందల ఏళ్ల కూడిక. పాత గుంటూరు, కృష్ణా జిల్లాల తీరంలో గత నలభై ఏళ్లుగా జరిగిన మార్పుల్ని చూసేటప్పుడు ఈ తేడా దగ్గరే లెక్క తప్పుతోంది.

కుళ్లు ఎందుకు ఆగుతుంది

ఆకు బురద మీద పడగానే దాన్ని తినడానికి సూక్ష్మజీవులు సిద్ధంగా ఉంటాయి. తిండి దొరికితే సరిపోదు, ఊపిరికి ఆక్సిజన్ కావాలి. నీటిలో కలిసిన ఆక్సిజన్ మెత్తటి బంకమట్టిలోకి కొద్ది మిల్లీమీటర్లు దిగేలోపే ఖర్చయిపోతుంది. ఆ కింద ఉన్న సూక్ష్మజీవులు ఆక్సిజన్ బదులు నైట్రేట్‌తో, తర్వాత మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లతో, అవీ అయిపోయాక సముద్రపు నీటిలోని సల్ఫేట్‌తో నెట్టుకొస్తాయి. లీటరు సముద్రపు నీటిలో సల్ఫేట్ సుమారు 2.7 గ్రాములు ఉంటుంది. అందుకే ఉప్పు బురదలో ఈ సల్ఫేట్ దశ చాలా లోతు వరకు సాగుతుంది. అప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌దే ఆ వాసన. అది ఇనుముతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడ్‌గా, కాలం గడిచేకొద్దీ పైరైట్ అనే ఖనిజంగా మారుతుంది. బురద నలుపు అక్కడి నుంచే వచ్చింది.

ఆక్సిజన్ లేకుండా సాగే కుళ్లు మందకొడిగా ఉంటుంది. చక్కెరలు, మాంసకృత్తులు ఎలాగూ కరిగిపోతాయి. చెక్కలోని లిగ్నిన్, ఆకు మీది మైనం, వేరు బెరడు లాంటివి విడిపోవడానికి చాలావరకు ఆక్సిజన్ కావాలి. అది లేనిచోట అవి శతాబ్దాల పాటు అలాగే పడి ఉంటాయి. కాబట్టి పడిన ఆకు ఎంత త్వరగా కొత్త ఒండ్రు కింద కప్పబడితే అంత మేలు. పైపొరలో ఎక్కువ కాలం పడి ఉన్నదంతా మళ్లీ గాలిలోకే పోతుంది.

ఉప్పు వల్ల ఇంకో లాభం ఉంది. మంచినీటి బురదలో సల్ఫేట్ నామమాత్రంగా ఉంటుంది కాబట్టి కుళ్లు చివరి దశకు చేరి మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కన మీథేన్ వేడిని పట్టే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ. ఉప్పు నీటిలో సల్ఫేట్‌తో బతికే సూక్ష్మజీవులు మీథేన్ చేసే వాటికి తిండి మిగలనివ్వవు. పోటు తగిలే చిత్తడి నేలల్లో కొలిచిన ఫలితాల ప్రకారం, ఉప్పుదనం వెయ్యికి 18 వంతులు దాటిన చోట మీథేన్ బాగా తగ్గిపోతుంది. సముద్రపు నీటి ఉప్పుదనం వెయ్యికి 35. అంటే మడుగులోకి సగం సముద్రపు నీరైనా వచ్చిపోతూ ఉండాలి. వరిచేనులో, మంచినీటి చేపల చెరువులో కూడా కార్బన్ చేరుతుంది గానీ, మీథేన్‌ను తీసేస్తే అక్కడ మిగిలే లాభం చాలా తక్కువ.

మూడో కారణం మట్టి. కృష్ణమ్మ మోసుకొచ్చేది ఎక్కువగా దక్కను పీఠభూమి నల్లరేగడి. ఎండితే నెర్రెలు విచ్చి, తడిస్తే ఉబ్బే ఆ గుణం స్మెక్టైట్ అనే బంకమట్టిది. దాని పలకలు అతి సన్నగా ఉండి, ఒక్క గ్రాములో వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. కుళ్లిన ఆకుల నుంచి కరిగి వచ్చిన పదార్థం ఆ పలకలకు అతుక్కుంటే సూక్ష్మజీవుల ఎంజైములకు అందదు. పైగా ఏటి నీరు ఉప్పు నీటిలో కలిసే చోట ఈ సన్నటి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, గుంపులుగా బరువెక్కి అడుగుకు దిగుతాయి. వరద నాడు ప్రకాశం బ్యారేజీ గేట్ల కింద కనిపించే ఎర్రమట్టి రంగు నీరు మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర తేరుకోవడానికి కారణం ఇదే. ఇసుక నేలలో కార్బన్ నిలవకపోవడానికీ కారణం ఇదే: ఇసుక రేణువులకు పట్టుకునే చోటు లేదు, వాటి మధ్య సందుల్లో ఆక్సిజన్ తేలిగ్గా తిరుగుతుంది.

మడుగు అంటే ఏమిటి, ఎక్కడుంది

సముద్రానికీ నేలకూ మధ్య ఇసుక దిబ్బ లేచి, దాని వెనక నిలిచిన నీరు ఒకటి రెండు మొగల ద్వారా మాత్రమే సముద్రంతో కలుస్తుంటే దాన్ని తీరపు మడుగు (లాగూన్) అంటారు. అలల తాకిడిని దిబ్బ ఆపుతుంది, కాబట్టి లోపల నీరు నిదానంగా ఉండి సన్న మట్టి దిగుతుంది. తెలుగువాళ్లకు బాగా తెలిసినది శ్రీహరికోట దిబ్బ వెనక ఉన్న పులికాట్. ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో రెండో పెద్దది అదే. సీతానగరం దగ్గర బయలుదేరే పశ్చిమ డెల్టా కాలువ, దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువగా పెదగంజాం చేరి, అక్కడి నుంచి బకింగ్‌హామ్ కాలువగా పులికాట్ గుండా చెన్నై దాకా పోతుంది. ఒకప్పుడు విజయవాడ పడవలు నడిచిన దారి ఇది.

నిజాంపట్నం అఖాతం చుట్టూ పులికాట్ అంత విడి సరస్సు లేదు. కృష్ణా పాయల మొగల దగ్గర ఇసుక నాలుకలు సాగి, వాటి వెనక ఉప్పుటేర్లు, మడ అడవులు, ఉప్పు పట్టిన బోడి పర్రలు ఏర్పడ్డాయి. బురద తయారయ్యే తీరు మాత్రం ఒకటే.

కొల్లేరు కథ ఇంకా లోతైనది. నేడు సముద్రానికి దూరంగా, కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఆ మంచినీటి సరస్సు సుమారు 6,000 ఏళ్ల కిందట తీరపు మడుగే. సముద్ర మట్టం స్థిరపడ్డాక రెండు నదుల ఒండ్రు ముందుకు తోసుకుపోయి, ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక దిబ్బలు కట్టి, మడుగును లోపలే వదిలేసింది. పాత మడుగు బురద నేటి సరస్సు అడుగున, చుట్టుపక్కల పొలాల కింద ఉంది. తీరపు బురద ఎంతకాలం నిలవగలదో తెలుసుకోవడానికి విజయవాడ నుంచి ఏలూరు దారి పట్టినా చాలు.

అంకెల్లో ఎంత

లెక్క వేయడానికి మూడు అంకెలు కావాలి: ఎండిన బురద సాంద్రత, అందులో కార్బన్ శాతం, లోతు. ఉదాహరణకు ఘన సెంటీమీటరుకు 1 గ్రాము సాంద్రత, 1.5 శాతం కార్బన్, 100 సెం.మీ. లోతు తీసుకుంటే చదరపు సెంటీమీటరు కింద 1.5 గ్రాముల కార్బన్ ఉన్నట్టు. హెక్టారుకు మారిస్తే 150 టన్నులు. కార్బన్ డయాక్సైడ్‌గా చెప్పాలంటే 3.67తో గుణించాలి: 550 టన్నులు.

వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం ఐపీసీసీ 2013 నాటి చిత్తడి నేలల మార్గదర్శకాల్లో, స్థానిక కొలతలు లేనిచోట వాడుకోవడానికి పై మీటరు లోతుకు సగటు అంకెలు ఇచ్చింది: మడ అడవుల నేలలో హెక్టారుకు 386 టన్నులు, పోటు తగిలే గడ్డి చిత్తడిలో 255, సముద్రపు గడ్డి మైదానాల కింద 108. ఇవి ప్రపంచ సగటులు. పీట్ (సగం కుళ్లిన మొక్కల పదార్థం పేరుకున్న నేల) లాంటి నేలల మీద పెరిగే ఆగ్నేయాసియా మడ అడవులు కూడా వీటిలో కలిసి ఉన్నాయి. నది ఒండ్రు ఎక్కువగా వచ్చే డెల్టాల్లో బంకమట్టి పాలు పెరిగి కార్బన్ శాతం తగ్గుతుంది, కాబట్టి 386ను కృష్ణా మడకు నేరుగా తగిలించడం తొందరపాటే. ఇంకో లోటు కూడా ఉంది. ఈ పట్టికలన్నీ మొక్క ఉన్న నేలకే. మొక్కే లేని పర్ర, మడుగు అడుగు బురద ఇలాంటి లెక్కల్లో సున్నాగా మిగిలిపోతుంటాయి. విస్తీర్ణంలో అవి తక్కువేం కాదు.

నిల్వ ఒకటి, ఏటా చేరేది ఇంకొకటి. పై ఉదాహరణలోనే ఒండ్రు ఏడాదికి 2 మి.మీ. చొప్పున పెరుగుతోందనుకుంటే, ఏటా చేరే కార్బన్ చదరపు మీటరుకు 30 గ్రాములు, హెక్టారుకు 0.3 టన్ను. ఇప్పుడు రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక హెక్టారును మీటరు లోతు తవ్వితే కదిలేది 150 టన్నులు. దాన్ని ఒక్క ఏడాదిలో తిరిగి పూడ్చాలంటే 500 హెక్టార్ల మడుగు పనిచేయాలి. లేదా ఆ ఒక్క హెక్టారే 500 ఏళ్లు పనిచేయాలి. పొక్లెయిన్‌కు ఆ తవ్వకం కొద్ది రోజుల పని. ఈ నిష్పత్తి తెలిశాక మొక్కలు నాటే పథకాల కంటే ఉన్న బురదను కదపకుండా ఉంచడం ఎందుకు ముందుకు రావాలో వేరే చెప్పనక్కర్లేదు.

కొలత: పైపు దించిన దగ్గర నుంచి

బురద నమూనా తీయడానికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. 75 మి.మీ. వ్యాసం, 2 మీటర్ల పొడవున్న పీవీసీ లేదా అల్యూమినియం పైపు చాలు. కింది అంచును బయటి వైపు నుంచి ఆకురాయితో వాలుగా, కత్తి అంచులా దిద్దాలి. లోపలి వైపు దిద్దితే బురద పక్కకు తోసుకుపోతుంది. పైపును నిలువుగా పట్టి, పైన చెక్క దిమ్మ పెట్టి సమ్మెటతో దించాలి. కావలసిన లోతు చేరాక లాగేముందు రెండు కొలతలు తప్పనిసరి: పైపు అంచు నుంచి బయటి నేలకు ఎంత, పైపు లోపలి బురదకు ఎంత. మెత్తటి బురద పైపు లోపల కుదించుకుపోతుంది. 150 సెం.మీ. దించితే లోపల 120 సెం.మీ. మాత్రమే ఉన్నదంటే నిష్పత్తి 0.8. ఈ సవరణ మరిచిపోయి పైపులోని 100 సెం.మీ.లను మీటరుగా లెక్కించిన చోట నిజానికి 125 సెం.మీ. బురదను మీటరు కింద రాసేసినట్టే. నిల్వ పావు వంతు ఎక్కువగా కనిపిస్తుంది. కుదింపు అన్ని లోతుల్లో ఒకేలా ఉండదు, పైనున్న జావలాంటి పొరలే ఎక్కువ అణుగుతాయి. అందుకే కుదింపు పావు వంతు దాటిన నమూనాను పారేసి ఇంకోచోట దించడం మేలు.

కొలిచాక పైపు నోటిని రబ్బరు మూతతో గాలి చొరకుండా బిగించాలి. లేకపోతే లాగేటప్పుడు బురద కింది నుంచి జారిపోతుంది. గొలుసు కప్పీతో నెమ్మదిగా లాగి, కింద కూడా మూత వేసి, నిలువుగానే ఒడ్డుకు చేర్చాలి. పడుకోబెడితే పైపొర కలగాపులగమవుతుంది. హార్బర్లో దొరికే చేపల ఐస్ పెట్టె దీనికి బాగా పనికొస్తుంది. ప్రయోగశాలలో పైపును రెండు వైపులా నిలువుగా రంపంతో కోసి, బురదను సన్న తీగతో చీల్చి, పై 20 సెం.మీ.లను 2 సెం.మీ. చొప్పున, ఆ కిందిది 5 సెం.మీ. చొప్పున ముక్కలు చేయాలి. ప్రతి ముక్క నుంచీ ముందుభాగం కోసేసిన సిరంజితో తెలిసిన ఘనపరిమాణం తీసి, 60 డిగ్రీల ఓవెన్లో బరువు మారడం ఆగేదాకా, సాధారణంగా మూడు రోజులు, ఎండబెడితే సాంద్రత వస్తుంది. ఒక్క పైపుతో ఊరంత పర్రకు లెక్క కట్టకూడదు. ఉప్పుటేరు అంచు, మడ నడుమ, వెనక బోడి నేల, మూడింటిలోనూ కనీసం మూడేసి చొప్పున కావాలి. అంచుకూ వెనక నేలకూ కార్బన్ రెండింతల తేడా వచ్చినా వింత లేదు.

అసలు తప్పులు కార్బన్ శాతం దగ్గర జరుగుతాయి. గుంటూరు జిల్లా రైతులకు అలవాటైన భూసార పరీక్షలో సేంద్రియ కర్బనాన్ని వాక్లీ–బ్లాక్ పద్ధతిలో, పొటాషియం డైక్రోమేట్‌తో కొలుస్తారు. మాగాణి మట్టికి అది చక్కగా పనిచేస్తుంది. ఉప్పు బురదను అదే వరుసలో పెడితే అంకె తప్పుతుంది, ఎందుకంటే ఉప్పులోని క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ను ఖర్చు చేస్తుంది. సవరణ తేలికే: వచ్చిన కార్బన్ శాతం నుంచి క్లోరైడ్ శాతంలో పన్నెండో వంతు తీసేయాలి. ఎండు బురద బరువుకు సమానంగా సముద్రపు నీరు పట్టి ఉన్న నమూనాలో క్లోరైడ్ 1.9 శాతం దాకా ఉంటుంది. అంటే 0.16 శాతం దొంగ కార్బన్. 1.5 శాతం దగ్గర అది పదో వంతుకు పైనే. ఆమ్లంలో సిల్వర్ సల్ఫేట్ కలిపి క్లోరైడ్‌ను ముందే పట్టేయడం ఇంకో దారి. సల్ఫైడు, కరిగిన ఇనుము కూడా ఇదే మోసం చేస్తాయి. తాజా నల్ల బురదను గాలికి ఆరబెట్టి పెడితే అవి కొంత తగ్గుతాయి. ఇవన్నీ చేసినా ఈ పద్ధతి ఉన్న కార్బన్‌లో మూడొంతులకు కాస్త పైగా మాత్రమే పట్టుకుంటుంది. అందుకే 1.3తో గుణిస్తారు, ఆ గుణకం పొలం మట్టిని చూసి పెట్టింది.

కొలిమిలో 550 డిగ్రీల వద్ద కాల్చి, తగ్గిన బరువును సేంద్రియం అనుకోవడం చవకైన పద్ధతి. మన రేగడి బురదకు ఇది ఇంకా ప్రమాదం. ఆ వేడికి స్మెక్టైట్ తన నిర్మాణంలోని నీటిని కూడా వదులుతుంది, అదంతా కార్బన్ ఖాతాలో పడుతుంది. కొన్ని నమూనాలనైనా ఎలిమెంటల్ ఎనలైజర్లో (కార్బన్‌ను నేరుగా కొలిచే యంత్రంలో) పెట్టి, ఆ తీరానికే ప్రత్యేకమైన గుణకం కట్టుకోకుండా ఈ పద్ధతిని వాడకూడదు.

గుల్లల సంగతి విడిగా చెప్పాలి. మడుగు బురదలో ఆలచిప్పల ముక్కలు దండిగా ఉంటాయి. వాటిలోదీ కార్బనే గానీ కాల్షియం కార్బొనేట్ రూపంలో ఉంటుంది. సముద్రపు నీటిలో గుల్ల కట్టుకునేటప్పుడు నీటిలో పట్టి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌లో కొంత తిరిగి బయటికి వస్తుంది. ఒక అణువు కార్బొనేట్ ఏర్పడితే సుమారు 0.6 అణువు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని అంచనా. కాబట్టి గుల్లను నిల్వగా లెక్కపెట్టడం తలకిందుల లెక్క. నమూనాను విశ్లేషించే ముందు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిలో ఉంచి కార్బొనేట్‌ను పోగొట్టాలి. ఆమ్లంలో కడిగితే కరిగే సేంద్రియం కూడా కొట్టుకుపోతుంది.

వయసు చెప్పే పొరలు

ఏటా ఎంత చేరుతోందో తెలియాలంటే పొరల వయసు కావాలి. దీనికి ఎక్కువగా వాడేది సీసం–210 అనే రేడియోధార్మిక సీసం. అర్ధజీవితం, అంటే అది సగానికి తరిగిపోయే కాలం, 22.3 ఏళ్లు కాబట్టి వంద, నూటయాభై ఏళ్ల వరకు పనికొస్తుంది. గాలి నుంచి పడే సీసం లోతుకు పోయేకొద్దీ క్రమంగా తగ్గాలి. పై 10 సెం.మీ.లలో తగ్గకుండా ఒకే స్థాయిలో కనిపిస్తే పీతలు, పురుగులు మట్టిని కలియదున్నాయని అర్థం. అది గమనించకుండా గీత గీస్తే ఒండ్రు వేగం ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. అణు పరీక్షల నాటి సీసియం–137 ఉత్తర దేశాల్లో 1963 పొరను స్పష్టంగా చూపిస్తుంది. ఇక్కడ పడిందే తక్కువ, పైగా ఉప్పు నీటిలో అది మట్టిని వదిలి కదులుతుంది. దాని మీద ఆధారపడలేం. వేల ఏళ్ల పొరలకు అర్ధజీవితం 5,730 ఏళ్లున్న కార్బన్–14 వాడతారు. గుల్లకు కాకుండా ఆకు ముక్కకో గింజకో వయసు కట్టడం నయం, గుల్లలు సముద్రంలోని పాత కార్బన్‌ను కలుపుకుని వయసు ఎక్కువ చూపిస్తాయి. సన్న వేరు దొరికినా నమ్మకూడదు, అది పైనుంచి కొత్తగా దిగి ఉండవచ్చు.

దివిసీమ ఉప్పెన చూసిన తీరంలో ఇంకో గుర్తు దొరికే అవకాశం ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సముద్రపు ఇసుకనూ గుల్లలనూ లోపలి బురద మీద పరిచి ఉంటే, ఆ పొర ఇప్పుడు పది, ఇరవై సెం.మీ. లోతున సన్న చారలా ఉండాలి. కానీ 1990 మేలో కృష్ణా మొగ దగ్గరే మరో పెద్ద తుపాను తీరం దాటింది. ఇసుక చార కనిపించగానే 1977 అని రాసేయకుండా సీసం–210 వయసుతో సరిచూసుకోవాలి. అలాంటి చార మరో పని కూడా చేస్తుంది: దాని కింద ఒక్కసారిగా కప్పబడిన పొరలో కార్బన్ బాగా నిలుస్తుంది.

ఆ కార్బన్ ఎవరిది అనేది ఆఖరి ప్రశ్న. మడుగులోనే పెరిగిందా, ఎగువ నుంచి కొట్టుకొచ్చిందా? కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి నాచుకు 6 నుంచి 8 మధ్య, చెట్ల ఆకులకు 20కి పైన ఉంటుంది. కార్బన్–13 కొలత (ప్రామాణిక నమూనాతో పోల్చి వెయ్యికి వంతుల్లో చెప్పేది) ప్రకారం వరి, మడ లాంటివి మైనస్ 27 దగ్గర, చెరకు, మొక్కజొన్న మైనస్ 13 దగ్గర, సముద్రపు నాచు మైనస్ 21 దగ్గర ఉంటాయి. డెల్టా డ్రెయిన్లలో వరిగడ్డి, చెరకు పిప్పి, పట్టణాల మురుగు అన్నీ కలిసే వస్తాయి కాబట్టి ఒక్క కొలతతో తేలదు, రెండూ కలిపి చూడాలి. కార్బన్ క్రెడిట్ల (నిల్వ చేసిన కార్బన్‌కు దక్కే, అమ్ముకోగల పత్రాల) నిబంధనల్లో బయటి నుంచి వచ్చిన కార్బన్‌కు కోత పెట్టమనడానికి కారణం ఉంది. ఎగువ పొలం మట్టిలో ఇప్పటికే నిల్వ ఉన్నది కొట్టుకొచ్చి ఇక్కడ దిగితే వాతావరణం నుంచి కొత్తగా తీసింది ఏమీ లేదు.

ఎక్కడ చెడుతోంది

మొదటిది తవ్వకం. 1980ల చివర మొదలైన రొయ్యల సాగు, 1990ల తెల్లమచ్చ తెగులు, తీరపు రొయ్యల చెరువులపై 1996 డిసెంబరు సుప్రీంకోర్టు తీర్పు, 2009 తర్వాత వనామీ అనే విదేశీ రొయ్య రాక, ఈ క్రమం తీరంలో అందరికీ తెలిసిందే. కార్బన్ వైపు నుంచి చూస్తే జరిగేది ఇది: చెరువు తవ్విన నల్ల బురద గట్టు మీదికి ఎక్కుతుంది. ఎండకు నెర్రెలు విచ్చి, వందల ఏళ్లుగా ఆక్సిజన్ చూడని మట్టిలోకి గాలి చొరబడుతుంది. తవ్వి గాలికి తెరిచిన ఇలాంటి నేలలో కార్బన్ దాదాపు అంతా పోతుందనే ఐపీసీసీ లెక్క కడుతుంది. తవ్వకుండా గట్లు కట్టి నీరు తోడేసిన నేలకు సైతం ఏటా హెక్టారుకు 7.9 టన్నుల కార్బన్ నష్టాన్ని సగటుగా పెట్టింది.

నష్టం కార్బన్‌తో ఆగదు. గాలి తగిలిన పైరైట్ గంధకామ్లంగా మారుతుంది. గట్టు మీద గడ్డిరంగు పసుపు మచ్చలు కనిపిస్తే జారోసైట్ అనే ఖనిజం ఏర్పడిందని, అక్కడ పీహెచ్ 4 కంటే దిగిందని అర్థం. తొలి వానకు ఆ ఆమ్లం చెరువులోకి దిగి, అల్యూమినియం కరిగించి, రొయ్యల మొప్పల్ని దెబ్బతీస్తుంది. సరిచేయడానికి చల్లే సున్నపురాయి పొడి ఆమ్లంతో కలిసి మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌నే వదులుతుంది. తవ్వే ముందే పరీక్షించే తేలిక మార్గం ఉంది: చెంచాడు తడి బురదలో పీహెచ్ సరిచేసిన 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పోయాలి. నురగ పొంగి, చల్లారాక పీహెచ్ 3 కంటే కింద ఉంటే ఆ నేలను కదపకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయరాదు, గాజు పాత్ర వేడెక్కి చిమ్ముతుంది.

రెండోది మొగ. తీరం వెంబడి అలలు నెట్టే ఇసుక మొగను నిత్యం మూయాలని చూస్తుంది. లోపలి నుంచి వచ్చే ఏటినీరు, పోటుపాట్ల ఉరవడి దాన్ని తెరిచి ఉంచుతాయి. ఎగువన నీరు తగ్గితే ఇసుకదే పైచేయి. పులికాట్‌లో రాయదొరువు మొగ పూడుకుపోవడం అక్కడి జాలర్ల చిరకాల బాధ. మొగ మూసుకుంటే వానాకాలంలో నీరు మంచినీరై మీథేన్ పెరుగుతుంది. ఎండాకాలంలో నీరు ఇంకి, ఉప్పు ఎక్కువై, అడుగు బయటపడి బురద గాలికి ఎండుతుంది. రెండు రుతువుల్లోనూ నష్టమే. అలాగని మొగను మరీ లోతుగా, సూటిగా కోసినా ప్రవాహం ఉధృతమై లోపలి మెత్తటి బురదనే ఊడ్చుకుపోతుంది.

మూడోది ఒండ్రు కరువు, డెల్టాకు ఇదే అన్నిటికన్నా పెద్దది. 1855లో ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినా అవి ఒండ్రును పెద్దగా ఆపలేదు. ఆపినవి నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి లోతైన జలాశయాలు. శ్రీశైలం నిల్వ సామర్థ్యం మొదట 308 టీఎంసీలు, పూడిక తర్వాతి సర్వేల్లో సుమారు 216. పోయిన 92 టీఎంసీల చోటులో ఉన్నది మట్టే, సుమారు 260 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని మీటరు మందాన పరిస్తే 2,600 చదరపు కిలోమీటర్లు కప్పుతుంది. అదంతా తీరం దాకా వచ్చేది కాదు, దారిలో కొంత పొలాల్లో, నదిలో దిగేది. అయినా పర్రకు కొత్త దుప్పటి కప్పే ఒండ్రులో పెద్ద భాగం ఇప్పుడు నల్లమల కొండల మధ్య ఆగిపోయింది. దీంతో మొగల దగ్గర తీరం కోసుకుపోతోంది, లోపల పడిన ఆకు త్వరగా కప్పబడక పైపొరలోనే కుళ్లిపోతోంది, సముద్ర మట్టం పెరుగుదలకు దీటుగా నేల ఎత్తు పెరగడం లేదు.

బాగుచేయడంలో క్రమం

బోడి పర్రలో మడ నాటితే చాలాసార్లు చచ్చిపోవడానికి కారణం మొక్క కాదు, నీరు. నేల మధ్యలో గిన్నెలా కుంగి, పోటునీరు చేరి తిరిగి పోలేక ఎండి, ఉప్పు పేరుకుంటుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కృష్ణా, గోదావరి తీరాల్లో వాడిన చేపముల్లు కాలువల పద్ధతి ఇక్కడ పనిచేసింది: ఉప్పుటేరు నుంచి ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు, వాటి వాలు గట్ల మీద తెల్లమడ మొక్కలు. కార్బన్ దృష్టితో ఒక షరతు కలపాలి. కాలువ కోసం తీసిన నల్లమట్టిని గట్టున కుప్పపోయకుండా, పోటు తగిలే ఎత్తులోనే పలుచగా పరచాలి. పిల్ల కాలువలకు ఏటా పూడిక తీయాలి. తీయకపోతే రెండు మూడు వానాకాలాల్లో నీటిదారి మూసుకుని మొదటికొస్తుంది.

వదిలేసిన రొయ్యల చెరువుల్లో ఇంకా తేలిక పని ఉంది. పాత ఉప్పుటేరు ఎక్కడ తెగిందో చూసి, అక్కడే గట్టు కోసి పోటును లోపలికి రానివ్వడం. చుట్టుపక్కల మడ ఉంటే గింజలు నీటితో వాటంతటవే వస్తాయి, నర్సరీ ఖర్చు ఉండదు. గండి చిన్నదైతే నీరు జోరుగా దూకి అడుగును కోస్తుంది, కాబట్టి ఒకే గండి కాకుండా రెండు మూడు చోట్ల, నేల మట్టం దాకా కోయాలి.

ఏ పని మొదలుపెట్టినా ముందుగా వేసవిలో పర్రలో కొన్ని చోట్ల అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పున తెల్లటి ఫెల్‌స్పార్ పొడిని సెంటీమీటరు మందాన పరిచి, మూలల్లో పీవీసీ కర్రలు పాతి వదిలేయాలి. పింగాణీ పనికి వాడే పొడే ఇది, గూడూరు వైపు గనుల నుంచి వస్తుంది. ఏడాది తిరిగాక ఆ గళ్లలో చిన్న బురద ముక్క కోసి, తెల్ల గీత మీద ఎన్ని మిల్లీమీటర్ల కొత్త ఒండ్రు కూర్చుందో స్కేలుతో కొలవాలి. గీత చెదిరి కలిసిపోతే పీతల పని, ఇంకోచోట వేసుకోవచ్చు. గీతే లేకపోతే అక్కడ మట్టి చేరడం లేదు, కొట్టుకుపోతోంది. అలాంటి చోట మొక్కలకు గుంతలు తీసే ముందు ఒండ్రు వచ్చే దారి ఎక్కడ తెగిందో వెతకాలి.